శిల్పి పేరు విధికుడు

టోలిచౌకి నుంచి ఫిల్మ్‌నగర్‌కి షేక్‌పేట మీదుగా పావుగంట దారి. సాయంత్రం ఆరు దాటాక ఎంతసేపో చెప్పలేం. ఆ దారినే రోజూ పనికి పోయి వస్తుంటాను. పనంటే ఆర్ట్ డిపార్ట్‌మెంట్. కళాదర్శకుడు కాగితం మీద గీసినదాన్ని ప్లైవుడ్డూ, పీవోపీ, ఫైబరూ పెట్టి నిలబెట్టే గుంపులో ఒకణ్ణి. కోటలు కట్టాం, అగ్రహారాలు కట్టాం, ఒక పాట కోసం గ్రీకు గుడి కూడా కట్టాం. షూటింగ్ ముగిసిన మర్నాడే విప్పేస్తాం. ఆ చెక్క తర్వాతి సెట్‌కి కావాలి కదా.

ఈమధ్య వచ్చిన కథ శాతవాహనులు పోయి ఇక్ష్వాకులు వచ్చిన కాలంలో జరుగుతుంది. మన సినిమాల్లో పాతకాలపు రాజభవనానికి చాలా ఏళ్ళుగా ఒకటే అచ్చు ఉంది. లేపాక్షి స్తంభాలు, హంపి ఏనుగులు, రాజస్థాన్ జాలీ కిటికీలు, నడిమధ్య సింహాల సింహాసనం. వెయ్యేళ్ళ తేడా ఒకే ఫ్రేములో సర్దుకుపోతుంది, ఎవరూ అడగరు. ఈసారి మాత్రం మా కళాదర్శకుడు అడిగారు: "మూడో శతాబ్దంలో మన దగ్గర స్తంభం ఎలా ఉండేదో మీలో ఎవరైనా కళ్ళారా చూశారా?" అందరం ఫోన్లలోకి చూసుకున్నాం. చూడాలంటే దగ్గర్లో ఉన్నది నాగార్జునకొండ. కృష్ణ నీళ్ళ మధ్య దీవి మీద చిన్న మ్యూజియం.

ఒక్కణ్ణే వెళ్తే స్తంభాన్ని చూసి ఫొటో తీసుకుని వస్తాను, అంతే. రాయి సంగతి తెలిసినవాడు పక్కన ఉండాలని మోల్డింగ్ మేస్త్రీని రమ్మన్నాను. పెద్దాయన. పుట్టింది పల్నాడులో, చెయ్యి తిరిగింది దుర్గిలో. మాచర్ల దగ్గరి దుర్గి రాతి చెక్కడానికి పేరుపడ్డ ఊరు. అక్కడ వినాయకుళ్ళూ నందులూ చెక్కి, పెళ్ళయ్యాక సంపాదన చాలక హైదరాబాద్ వచ్చి, ఉలి పక్కన పెట్టి పీవోపీ అచ్చుల్లో చెయ్యి పెట్టాడు. రాయి గురించి మాట్లాడేటప్పుడు ఇప్పటికీ "మా రాయి" అంటాడు.

శుక్రవారం మ్యూజియానికి సెలవు. ఇది తెలియక వెళ్ళి రేవులో నిలబడినవాళ్ళని చాలామందిని చూశానని దారిలో టీకొట్టతను చెప్పాడు. మేం వెళ్ళింది వారం మధ్యలో. టోలిచౌకిలో తెల్లవారుజామున మండీ హోటళ్ళు మూసి అరగంటైనా కాలేదు. పారమౌంట్ కాలనీ వైపు యెమెన్ కుర్రాళ్ళూ సుడాన్ విద్యార్థులూ ఇంకా అరుగుల మీద కబుర్లు చెప్పుకుంటున్నారు. ఔటర్ ఎక్కి బొంగుళూరు దగ్గర దిగితే సాగర్ రోడ్డు. ఇబ్రహీంపట్నం, యాచారం, మాల్, కొండమల్లేపల్లి. నల్లగొండ జిల్లాలోకి వచ్చాక బత్తాయి తోటలు, పత్తి చేలు. మొత్తం 150 కిలోమీటర్ల పైమాటే. ఈ దారి గురించి ఇంతకన్నా చెప్పాల్సిందేమీ లేదు, మాల్‌లో టీ బాగుంటుందన్నది తప్ప.

ఆనకట్ట కింది వంతెన దాటితే ఆంధ్రప్రదేశ్, పల్నాడు జిల్లా. లాంచీ విజయపురి సౌత్ నుంచి. తెలంగాణ వైపు హిల్ కాలనీ నుంచీ లాంచీలు ఉన్నాయి. మేం ఇవతలికి రావడానికి కారణం మేస్త్రీ. తిరుగు ప్రయాణంలో మాచర్లలో దిగి చుట్టాలింటికి పోవాలట.

వంతెన మీద కారు ఆపి చూశాం. నాగార్జునసాగర్ కాంక్రీటు ఆనకట్ట కాదు, రాతి కట్టడం. మనుషులు చేతులతో రాళ్ళు మోసి, పేర్చి లేపిన 124 మీటర్ల గోడ. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలవలకు నీళ్ళు వదిలారు. "మా నాయన దీనికి రాయి మోశాడు సార్" అన్నాడు మేస్త్రీ. ఎక్కడో ఓ చోట ఆ రాయి ఉంటుంది, ఎక్కడన్నది ఆయన అడగలేదు, నేను చెప్పేదీ లేదు.

లాంచీ కదిలాక పైడెక్కులో కూర్చున్నాం. సాగర్ నిండుగా ఉంది. ఇంజను చప్పుడు మీదుగా గైడు మైకులో చెప్పుకుపోతున్నాడు: ఆచార్య నాగార్జునుడు, విశ్వవిద్యాలయం, రసవాదం. నాగార్జునుడి మీద నాకు గౌరవమే. కానీ ఇక్ష్వాకుల శాసనాల్లో ఆయన పేరు లేదు. కొండని ఆ శాసనాలు శ్రీపర్వతమనే అంటాయి, దాని కింద ఉన్న నగరాన్ని విజయపురి అంటాయి. కొండకి నాగార్జునుడి పేరు తర్వాతి కాలపు అభిమానం.

మేం తేలుతున్న నీళ్ళ కింద ఉన్నది ఆ విజయపురి. ఎటుచూసినా కొండలు కాపలాగా, ఒక్క కృష్ణ వైపు మాత్రమే తెరుచుకున్న లోయ. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు పుల్లారెడ్డిగూడెం పరిసరాల్లో పాత స్తంభాలున్నాయని మద్రాసు శాసన విభాగానికి కబురు పంపారు. ఆ విభాగం నుంచి రంగస్వామి సరస్వతి వచ్చి చూశారు. ఒక పంతులుగారి ఉత్తరంతో దక్షిణ భారతంలోకెల్లా పెద్ద బౌద్ధక్షేత్రాల్లో ఒకటి బయటపడింది. 1927 నుంచి 1931 దాకా లాంగ్‌హర్స్ట్ తవ్వించాడు. ఆ తర్వాత కొంత తవ్వకం, కొంత నిశ్శబ్దం. ఆనకట్ట కడతారని తేలాక 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయ మొత్తం తవ్వారు. పాతరాతియుగం పనిముట్ల నుంచి మధ్యయుగపు కోట దాకా దొరికినవన్నీ నమోదు చేశారు. నీళ్ళు ఎప్పుడొస్తాయో తెలిసి చేసిన తవ్వకం అది.

ఈజిప్టులో ఆస్వాన్ డ్యాం కోసం అబూసింబెల్ గుడిని కోసి పైకెత్తడం లోకమంతా చూసింది. 1964 నుంచి 1968 వరకూ జరిగిన ఆ పని మీద ఎన్ని సినిమాలో, ఎన్ని పుస్తకాలో. దానికి ముందే మన పురావస్తు శాఖ వాళ్ళు ఈ లోయలో కట్టడాలను రాయి రాయిగా విప్పి, కొన్నిటిని కొండపైకీ కొన్నిటిని గట్టు మీది అనుపుకీ మోసుకెళ్ళి మళ్ళీ పేర్చారు. సెట్లు విప్పడం నా వృత్తి. అందుకే ఈ సంగతి చదివినప్పటి నుంచీ నాకో కుతూహలం: విప్పినవాళ్ళు ఏ రాయి ఎక్కడిదని ఎలా గుర్తు పెట్టుకున్నారు? మేమైతే చెక్క వెనక సుద్దముక్కతో రాస్తాం. వాన పడితే చెరిగిపోతుంది.

దీవి రేవులో దిగగానే గైడు గంట టైమిచ్చాడు. ఆ గంటని ఎలాగో రెండో లాంచీ దాకా సాగదీశాం. వెళ్ళేవాళ్ళకి నా సలహా కూడా అదే, పొద్దున మొదటి లాంచీలో వెళ్ళి ఆలస్యంగా తిరగండి. గంటలో మ్యూజియం చూడొచ్చు, కొండ చూడలేం.

మ్యూజియం 1966లో పెట్టారు. బౌద్ధవిహారం ఆకారంలో కట్టిన కట్టడం, ఐదు గ్యాలరీలు. లోపలికి అడుగుపెడితే మనిషిని మించిన ఎత్తులో నిలబడ్డ బుద్ధుడు. దాదాపు అందరూ ఆయన ముందు ఫొటో దిగి, రెండు గ్యాలరీలు చుట్టేసి బయటికొస్తారు. మేస్త్రీ బుద్ధుడికి దణ్ణం పెట్టి, వెంటనే పక్కకి జరిగి, పాదాల దగ్గర చీర కుచ్చెళ్ళలా పడ్డ వస్త్రపు అంచుని చూస్తూ నిలబడిపోయాడు. "అంచు మందంగా వదిలాడు చూడండి. పల్చగా తీస్తే ఈ రాయి పెచ్చు లేస్తుంది. పొరలు పొరలుగా ఉండే రాయిది. పొర ఎటు పోతోందో తెలిసినోడే చెక్కాడు." లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న పల్నాటి సున్నపురాయి. అమరావతిదీ ఇలాంటి రాయే.

నేను వచ్చిన పని స్తంభం. అది తొందరగానే దొరికింది. కింద చదరం, పైన చదరం, మధ్యలో ఎనిమిది పలకలు. చదరం పలకల మీద తామర పతకం, ఎనిమిది పలకలు మొదలయ్యేచోట సగం తామర. లేపాక్షిలోలాగా ఒంటినిండా బొమ్మలు లేవు. ఎక్కడ ఆపాలో తెలిసిన స్తంభం. దానికంటే ఎక్కువ ఉపయోగపడ్డవి బొమ్మపలకల్లోని ఇళ్ళు. కథలో రాజు కూర్చున్నప్పుడల్లా వెనకాల భవనం చెక్కారు కదా. గుర్రపులాడం ఆకారపు కిటికీలు, బండి గూడులాంటి వంపు కప్పులు, వాటి కింద వరసగా దూలాల కొసలు. చూస్తూ చూస్తూ ఉండగా బుర్రలో దీపం వెలిగింది. ఆ దూలాలు కర్రవి. అంటే రాజభవనం కర్రతో కట్టింది! రాయి దేవుడికీ చైత్యానికీ, రాజుకి చెక్క. ఇన్నేళ్ళూ మేం ప్లైవుడ్ మీద రాతి రంగు కొట్టి, రాయిలా కనిపించాలని తంటాలు పడ్డాం. మూడో శతాబ్దపు రాజు ఇంటికి చెక్క సెట్టే నిజానికి దగ్గర. ఈ మాట మేస్త్రీతో అంటే నవ్వాడు. "రంగు ఖర్చు మిగిలిందని ప్రొడక్షన్ వాళ్ళకి చెప్పండి, సంతోషిస్తారు."

పొడవాటి దూలాల మీద కథలు వరసగా నడుస్తాయి. బుద్ధుడు తన తమ్ముడు నందుణ్ణి భార్య దగ్గర్నుంచి సన్యాసానికి లాక్కుపోయే కథ ఒకటి. ఒక దృశ్యం అయిపోయి ఇంకొకటి మొదలయ్యేచోట సన్నటి నిలువు పలకలో ఒక స్త్రీ పురుషుల జంట నిలబడి ఉంటుంది. ఆ జంటకి కథతో సంబంధం లేదు. ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని, తమ లోకంలో తామున్నారు. ఎడిటర్ చేసే పనిని ప్రేమికులకు అప్పజెప్పిన శిల్పులు వాళ్ళు. సన్యాసం కథల మధ్య ఈ సరసమేమిటని బౌద్ధభిక్షువులు ఎవరూ గొడవ పెట్టినట్టు లేదు.

ఇక నన్ను ఆపేసిన రెండు బొమ్మలు. రాజభవనం వైపు దొరికిన స్తంభాల మీదివి. ఒకటి ద్వారపాలకుడు. మన సినిమా లెక్కన ద్వారపాలకుడంటే ఛాతీ ఆచ్ఛాదన లేకుండా, పంచెకట్టుతో, దండకడియాలతో ఉండాలి. ఇక్కడివాడికి పొడుగు చేతుల బరువైన అంగీ, కాళ్ళకి పైజామా, తల మీద టోపీ, చేతిలో బల్లెం. శకుల వేషం. పల్నాటి ఎండల్లో అంత బట్ట ఎలా భరించాడో! రెండో బొమ్మ గడ్డపాయన. నడుం పైన బట్ట లేదు, చేతిలో కొమ్ములాంటి మధుపాత్ర, పక్కన కూజా. చూసినవాళ్ళందరూ గ్రీకుల మధుదేవుడు డయోనిసస్‌ని గుర్తు చేసుకున్నారు. అలా అనిపించడం సహజమే. నా మట్టుకు నాకు ఇది గ్రీకువాడు చెక్కిన బొమ్మలా లేదు. గడ్డం, కొమ్ము పాత్ర అటువి. నిలబడ్డ తీరు, కండ తీరు, ముంచేతి గుండ్రదనం పక్కనున్న జంటల బొమ్మల్లోవే. మేస్త్రీని అడిగాను. ఆయన చాలాసేపు చూసి, "చెయ్యి మనోళ్ళదే. బొమ్మ చూపించి చెక్కమన్నారు" అన్నాడు. మాకూ ఇదే పని. హాలీవుడ్ సినిమా స్టిల్లు ఒకటి చూపించి "ఇలా కావాలి" అంటారు, మేం మాకొచ్చిన పద్ధతిలో చేస్తాం.

గ్రీకులు నిజంగా వచ్చారా అంటే, వచ్చినట్టు రాతలో ఉంది. వసుసేనుడనే ఆభీరరాజు 30వ ఏట వేయించిన శాసనం ఈ లోయలో దొరికింది. చాలామంది పండితులు దాన్ని క్రీ.శ. 278 నాటిదిగా లెక్కగడతారు. సేడగిరి అనే కొండ మీద ఎనిమిది చేతుల విష్ణువుని, అష్టభుజస్వామిని, ప్రతిష్ఠించిన సందర్భం. ఆ పనిలో పాలుపంచుకున్నవాళ్ళ జాబితాలో అవంతి శకరాజుతో, వనవాసి శాతకర్ణితో పాటు సంజయపురి యోనరాజులు ఉన్నారు. యోనులంటే యవనులు. బౌద్ధుల లోయలో విష్ణువు గుడికి గ్రీకు పేరున్న రాజుల సాయం. మా టోలిచౌకి వీధిలో ఏ ఇంట్లో ఏ దేశంవాళ్ళున్నారో లెక్కపెట్టడం మానేసిన నాకు ఇది పెద్ద వింతగా అనిపించలేదు. చరిత్ర పుస్తకాల్లో మాత్రం "విదేశీ ప్రభావం" అని విడిగా ఒక అధ్యాయం పెడతారు, వాళ్ళేదో కిటికీలోంచి తొంగిచూసి వెళ్ళిపోయినట్టు.

ఇక్ష్వాకుల ఇంటి సంగతి కూడా కొంచెం చెప్పాలి, మగవాళ్ళకంటే ఆడవాళ్ళ గురించి. వంశకర్త చాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదికుడు. ఆయన చెల్లెలు చాంతిసిరి బౌద్ధురాలు. మహాచైత్యం ఆమె పూనికతో లేచింది. ఆమె మేనల్లుడు వీరపురుషదత్తుడి 18వ ఏట వేసిన శాసనంలో ఆ రాజుని ఆమె అల్లుడని చెప్పుకుంటుంది. రాజుగారు పెళ్ళాడినవాళ్ళలో మేనత్త కూతుళ్ళున్నారు. మేనరికం మనకి ఇవాళ్టి అలవాటు కాదన్నమాట! ఇంకో రాణి రుద్రధర భట్టారిక ఉజ్జయిని నుంచి వచ్చిన ఆడపడుచు. తర్వాతి తరంలో ఎహువుల చాంతమూలుడి భార్య ఖండువుల చేయించిన ఒక స్త్రీమూర్తి ఉంది. దాని మీద ఆమె తన గురించి రాయించుకున్నది రెండే మాటలు: భర్త బతికున్నదాన్ని, బిడ్డలు బతికున్నదాన్ని. మహారాణి కోరిక కూడా మా అమ్మ శ్రావణ శుక్రవారం కోరికే.

మహాచైత్యం అడుగున బండిచక్రంలా ఇటుక గోడలు, మధ్యలో కుండ, ఆకులు, చుట్టూ కమ్మి, ఖాళీల్లో మట్టి. 106 అడుగుల వ్యాసం. ఆ గదుల్లో ఒకదానిలో లాంగ్‌హర్స్ట్‌కి చిన్న బంగారు భరిణె, అందులో చిన్న ఎముక ముక్క దొరికాయి. బుద్ధుడి ధాతువుగా భావించే ఆ ముక్కని 1932లో సారనాథ్ మూలగంధకుటి విహారానికి ఇచ్చేశారు. అంటే ఈ క్షేత్రం దేనికోసమైతే కట్టారో అది ఇక్కడ లేదు. క్షేత్రం ఉన్న నేల నీళ్ళ కింద ఉంది. మ్యూజియంలో చివరి గ్యాలరీలో లోయ మొత్తం నమూనా, తవ్విన చోట్లవి 14 చిన్న నమూనాలు పెట్టారు. నా జీవితమంతా నమూనాలు చేసినవాణ్ణి, అయినా ఆ లోయ నమూనా ముందు నిలబడటం ఇబ్బందిగా అనిపించింది. మేం నమూనా చేసేది కట్టబోయేదానికి.

బయట కొండ మీద, తరలించి తెచ్చి పేర్చిన చైత్యాలూ విహారాలూ చెట్ల మధ్య విడివిడిగా ఉన్నాయి. గజపృష్ఠం ఆకారంలో ఉన్న ఒక చైత్యగృహం నేల మీద నీడ చూసి కూర్చున్నాం. అర్ధచంద్రాకారపు గడపరాయి, దాని మీద జంతువుల వరస. శ్రీలంక గుళ్ళు చూసినవాళ్ళకి ఈ రాయి వెంటనే తెలిసిపోతుంది. లోయలో సింహళ విహారమని ఒకటి ఉండేది, లంక నుంచి వచ్చిన భిక్షువుల కోసం.

ఆ సంగతి చెప్పే శాసనమే నేను ఇంటి దగ్గర్నుంచి ఫోన్‌లో పెట్టుకొచ్చింది. నహరాళ్ళబోడు అనే గుట్ట మీద ఇలాంటి చైత్యగృహం నేలరాళ్ళ వెంట చెక్కారు. డచ్చి పండితుడు వోగెల్ చదివి ఎపిగ్రాఫియా ఇండికా 20వ సంపుటంలో అచ్చువేశాడు. వీరపురుషదత్తుడి 14వ ఏట బోధిసిరి అనే ఉపాసిక, రాణి కాదు, మామూలు గృహస్థురాలు, తను చేసిన దానాలన్నీ చెప్పుకున్న శాసనం. మేస్త్రీ అడగడంతో చదివి తెలుగులో చెప్పుకుంటూ పోయాను. ఈ చైత్యగృహం ముందుగా తంబపణ్ణి, అంటే లంక, ఆచార్యుల కోసమట. కశ్మీర, గాంధార, చీన, చిలాత, తోసలి, అపరాంత, వంగ, వనవాసి, యవన, దమిళ, పాలూర దేశాల మనసు గెలిచిన ఆచార్యులు వాళ్ళు. తర్వాత చిట్టా: సింహళ విహారంలో బోధివృక్షానికి గుడి, మహాధర్మగిరిలో ఒక గది, పూర్వశైలంలో చెరువూ మండపమూ, కంటకశైలంలో మహాచైత్యం తూర్పు వాకిట రాతి మండపం, ఇంకోచోట మూడు గదులు, ఇంకోచోట ఏడు గదులు. కంటకశైలమంటే కృష్ణా జిల్లా ఘంటసాల. రెండో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో కూర్చుని టాలెమీ రాసిన భూగోళంలో ఈ ఊరు కొంటకోసిల అనే వర్తకరేవుగా ఉంది. ఒక ఇల్లాలి దానాల చిట్టాలోనూ ఒక గ్రీకు పండితుడి పటంలోనూ ఒకే ఊరు.

"ఇదంతా కట్టించినామె గురించి. కట్టినోళ్ళ గురించి ఏమన్నా ఉందా?" అన్నాడు మేస్త్రీ.

చివరి వాక్యాల దాకా వచ్చాను. ఉంది. పని చూసుకున్నవాళ్ళు ముగ్గురు: చందముఖ థేరుడు, ధర్మనంది థేరుడు, నాగ థేరుడు. ఆ తర్వాత, రాతిపని విధికుడు అనే శిల్పిది.

మేస్త్రీ ఫోన్ తీసుకుని ఆ ప్రాకృతపు అక్షరాలు చూశాడు. చదవడం రాకపోయినా చూశాడు. "విధికుడు. ఒకడేనా, గుంపుకి పెద్దా?" అన్నాడు. పెద్దే అయ్యుంటాడన్నాను. "పెద్ద పేరు వేసి ఊరుకోకపోతే నేల సరిపోదులే" అని తల ఊపాడు. ఆయన పోసిన అచ్చుల్లోంచి వచ్చిన స్తంభాలు ఎన్ని సినిమాల్లో ఉన్నాయో. ఏ టైటిల్స్‌లోనూ పేరు పడలేదు. ఈ మాట నేననుకున్నాను గానీ ఆయన అనలేదు. ఆయనకి ఆ శాసనంలో నచ్చింది వేరు. ముగ్గురు సూపర్‌వైజర్ల పేర్ల తర్వాత శిల్పి పేరు రావడం. "వాళ్ళ కింద చేసినా, పని మాత్రం వీడిదని రాశారు."

1964లో తెలుగులో 'అమరశిల్పి జక్కన' వచ్చింది. జక్కనది కన్నడదేశపు ఐతిహ్యం, కథ బాగుంటుంది, కొడుకు తప్పు పట్టడం, చెయ్యి నరుక్కోవడం. విధికుడికి కథ లేదు. అతని భార్య ఎవరో, ఎక్కడ పుట్టాడో, ఇంకేమి చెక్కాడో ఏమీ లేదు. పేరూ వృత్తీ, కింద అతను చదును చేసిన నేలా. సినిమాకి పనికిరాడు. నాకు మాత్రం జక్కన కంటే ఇతనే దగ్గరవాడు.

రెండో లాంచీలో తిరిగొచ్చి అనుపు వెళ్ళాం. విజయపురి సౌత్ నుంచి దగ్గరే. జనం దాదాపు లేరు, మేకలు కాసేవాళ్ళు తప్ప. తరలించిన రంగస్థలం ఇక్కడే ఉంది. సుమారు 54 అడుగుల పొడవు, 45 అడుగుల వెడల్పు, 15 అడుగుల లోతు, నాలుగు పక్కలా మెట్లు. పైన హారీతి గుడి. పిల్లల్ని కాచే తల్లి ఆమె. పర్యాటకుల పుస్తకాలన్నీ దీన్ని గ్రీకు రోమను పద్ధతి రంగస్థలమంటాయి. నేనొప్పుకోను. గ్రీకు రంగస్థలం విసనకర్రలా విచ్చుకుని ఒక పక్క తెరుచుకుని ఉంటుంది, ఎదురుగా నటుల వేదిక. ఇది నలుచదరంగా మూసుకుని ఉంది, నీళ్ళు లేని కోనేరు. ఏ ఊరి గుడి ముందైనా కోనేటి మెట్ల మీద కూర్చుని తెప్పోత్సవం చూసిన జనానికి ఇలాంటిది కట్టుకోవడానికి ఏథెన్స్ వెళ్ళి నేర్చుకోనక్కర్లేదు. గ్రీకులతో పోలిక వెతకాలంటే ఆకారంలో కాదు, గుడిని ఆనుకుని ఆటస్థలం ఉండటంలో వెతకాలి. గ్రీసులోని ఎపిడారస్‌లో వైద్యదేవుడు అస్క్లేపియస్ క్షేత్రంలోనే ఆ ప్రసిద్ధ రంగస్థలం ఉంది. రోగం నయం కావాలని వచ్చినవాళ్ళు నాటకం చూసేవాళ్ళు, బిడ్డ బాగుండాలని వచ్చినవాళ్ళు ఇక్కడ ఆట చూసేవాళ్ళు.

మేస్త్రీ అడుగు మెట్టు దాకా దిగి చప్పట్లు కొట్టాడు. పై మెట్టు మీద నాకు స్పష్టంగా వినపడింది. తర్వాత ఆయన రాళ్ళ అతుకులు ఒక్కొక్కటీ వేలితో తడుముకుంటూ చుట్టూ తిరిగాడు. మళ్ళీ పేర్చినవాళ్ళ పని బాగానే ఉందన్నాడు, ఒక మూల తప్ప.

మాచర్ల దారిలో, "ఆ విధికుడికి ఎంతిచ్చారో రాయలేదా?" అని అడిగాడు. రాయలేదన్నాను. ఎపిడారస్ సంగతి చెప్పాను. గ్రీకు గుడి సెట్ వేసినప్పుడు పుస్తకాల్లో చదివింది. క్రీస్తుకి పూర్వం నాలుగో శతాబ్దంలో ఆ అస్క్లేపియస్ గుడి కట్టినప్పుడు ఖర్చులన్నీ రాతి మీద చెక్కారు. వాస్తుశిల్పి థియోడోటస్‌కి ఏడాదికి 353 ద్రాక్మాలు, తిమోథియస్ అనే శిల్పికి నమూనా బొమ్మలకి 900.

"మనోళ్ళు డబ్బు ఊసే ఎత్తరా?"

ఎత్తారు. ఉజ్జయిని నుంచి వచ్చిన ఆ రాణి రుద్రధర మహాచైత్యానికి ఒక రాతిస్తంభమూ 170 దీనారి మాషకాలూ ఇచ్చినట్టు శాసనం ఉంది. దీనారమంటే రోమువాళ్ళ నాణెం పేరే.

"స్తంభం విడిగానా, ఆ డబ్బు స్తంభానికేనా?"

విడిగానే ఉన్నట్టుందన్నాను. మేస్త్రీ ఒప్పుకోలేదు. స్తంభం ఖర్చు కాకపోతే దాంతో కలిపి ఎందుకు రాస్తారన్నాడు. గనిలో రాయి తీసేవాళ్ళు, బండి బాడుగ, లేపడానికి తాళ్ళూ మనుషులూ, పలకలు తీర్చేవాడు, తామర చెక్కేవాడు, అరగదీసేవాళ్ళు. వేళ్ళ మీద లెక్క వేసుకుంటూ మాచర్ల దాకా వచ్చాడు. 170కి గిట్టుబాటు అయ్యుంటుందా లేదా అన్నది తేలలేదు, మాషకం ఎన్ని పూటల బియ్యమో నేను చెప్పలేకపోయాను గనక.

బస్టాండు దగ్గర దిగి, కారు తలుపు వెయ్యబోతూ మళ్ళీ వంగాడు. "సార్, మన డ్రాయింగ్‌లో స్తంభం మధ్యలో పదహారు పలకలు గీశారు. ఇక్కడ ఎనిమిదే. సోమవారం అచ్చు పొయ్యకముందే మార్పించండి."